తిననన్న వదినకు దసరా వంట

"వస్త గని, తిన."

దసరాకు పిలవడానికి మా ఆయన ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్తే, ఆయన అక్క, అంటే మా పెద్ద వదిన, చెప్పి పంపిన జవాబు ఇది. ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆ రెండు ముక్కలూ చెప్పి, మంచినీళ్లడిగాడు. నీళ్లిచ్చాను కానీ ఒళ్లు మండిపోయింది. వదిన మీద కాదు, ఆ మాటను కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పిన ఈయన మీద.

మా అత్తమ్మ పోయిన మరుసటి ఏడు చిట్కుల్‌లో మా పాత పెంకుటిల్లు తీసేసి, కంపెనీల్లో పనిచేసే వాళ్లకు కిరాయికి వరసగా రూములు కట్టించాం. పైన మేముంటాం. ఇల్లు కూల్చే రోజున వదిన చెప్పకుండా వచ్చింది. అప్పటికే వంటిల్లు పోయింది. అత్తమ్మ మట్టిపొయ్యి జేసీబీ కింద పడి ముక్కలై ఉంది. వదిన ఏడవలేదు, అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మ పొయ్యి లేని ఇంట్ల ఇగ నేను మెతుకు ముట్ట" అని వెళ్లిపోయింది.

అలిగి రావడం మానేస్తే అదొక పద్ధతి. వదిన అలా కాదు. పండగకు వస్తుంది, పబ్బానికి వస్తుంది, పిల్లల పుట్టినరోజులకు వస్తుంది. నవ్వుతుంది, మాట్లాడుతుంది, తమ్ముడి చేతిలో జమ్మి ఆకు పెడుతుంది. తినదు. చాయ్ కూడా తాగదు, ఉత్త మంచినీళ్లే. వచ్చేటప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో ఇడ్లీ తిని వస్తుందని ఎవరో చూసి నాకు చెప్పారు. ఆడబిడ్డ పుట్టింటికి వస్తూ హోటల్లో తిని రావడమంటే ఆ ఇంటి కోడలికి ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. పాలోళ్లలో, అంటే మా దాయాదుల్లో, ఆడవాళ్లు నా ముందు ఏమీ అనేవాళ్లు కాదు. నేను అటు తిరగ్గానే అనేవాళ్లు.

ఆ ఏడు పాలోళ్లందరికీ దసరా దావత్ ఇచ్చే వంతు మాది. అరవై మందికి తక్కువ కాకుండా వస్తారు. అరవై మంది తిని వదిన ఒక్కతే తినకపోతే ఆ వంట వండీ దండగే అనిపించింది. ఎలాగైనా సరే ఈసారి ఆమెతో తినిపించాలని పంతం పట్టాను.

పంతం పడితే నేను ఆగను. "గ్యాసు మీద వండింది గూడ కూరనా?" అని వదిన అనే మాట నాకు గుర్తుంది. అందుకని చెరువు మట్టి తెప్పించి, వడ్లపొట్టు కలిపి తొక్కి, అత్తమ్మ చేసినట్టే మిద్దె మీద మట్టిపొయ్యిలు వేశాను. వాన పడకుండా పైన తాడిపత్రి పట్టా కట్టించాను. మా ఆయన మెట్ల మీద నిలబడి చూసి, "మిద్దె మీద పొయ్యేందే, పిచ్చిగాని లేసిందా?" అన్నాడు. "నీ అక్కను కిందికి దించాలంటే పొయ్యి పైకెక్కాలె" అన్నాను. నవ్వాడు కానీ, సాయంత్రానికి ఎండు కట్టెలు మాత్రం బండినిండా తెచ్చిపడేశాడు.

మేకపోతును జోగిపేట నుంచి మా తమ్ముడు పంపించాడు. మటన్, బగారన్నం, పచ్చిపులుసు, సేమ్యా, అన్నిటికంటే ముఖ్యం బొబ్బర్ల గారెలు. అత్తమ్మ గారెలంటే వదినకు ప్రాణం. బొబ్బర్లు ముందు రోజే నానేశాను. మసాలా నూరి పెట్టాను. పండగ ముందు రోజు పడుకునేటప్పుడు నా అంత తెలివిగలది ఈ మండలంలో లేదనుకున్నాను.

తెల్లారేసరికి వాన. దసరాకు వాన పడదని కాదు, పడితే ఓ జల్లు పడి పోతుంది. ఇది అలాంటిది కాదు. తాడిపత్రి ఒక మూల ఊడి, అందులో నిండిన నీళ్లన్నీ సరిగ్గా పొయ్యిల మీదే కుమ్మరించినట్టు పడ్డాయి. ఇంకా సరిగ్గా ఆరని మట్టి. నేను మిద్దెక్కేసరికి పొయ్యిలు లేవు, బురద ఉంది. కట్టెలు నీళ్లలో తేలుతున్నాయి. దేవుడు నోట్లో మన్ను కొట్టడమంటే ఇదే కాబోలు. ఆకాశాన్ని తిట్టి లాభం లేదు కాబట్టి మా ఆయన్ను తిట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆయన చేతిలోని గొడుగును కూడా తిట్టాను.

మటన్ టబ్బులో ఉంది. అది ఆగదు. ఇంట్లో ఉన్నది రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు. పండగ పూట వంటవాళ్లు దొరకరు, దొరికినా వదిన వాళ్ల వంట వైపు కన్నెత్తి కూడా చూడదు. మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, అంత కోపంగా ఉంది.

కింద రూముల్లోంచి ఒకామె వానలోనే బయటికి వచ్చింది. శ్రీకాకుళం మనిషి. భర్త వెల్డింగ్ పనిచేస్తాడు. నేను ఆమెతో మాట్లాడిన మాటలన్నీ మోటరు దగ్గరవే. నీళ్లు వృథా చేస్తే నా నోరు ఎలా లేస్తుందో మా రూముల్లో అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

"అక్కా, మా పొయ్యి మీద ఓటి పెట్టీండి. ఏటవుద్ది?" అంది.

ఆమె వైపు చూశాను. ఆమె మళ్లీ, "నాలుగిళ్లలో నాలుగు పెట్టీస్తే అయిపోద్ది కదా" అంది.

నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ రూములు కట్టించింది నేను, ఏ రూములో ఏ బల్బు పోయిందో చెప్పగలదాన్ని, కానీ ప్రతి రూములోనూ ఒక పొయ్యి ఉంటుందని నాకు తట్టలేదు.

ఆ రోజు మొదటిసారి కిరాయి అడగడానికి కాకుండా తలుపులు తట్టాను. బిహారు పిల్లలుండే రూములో నన్ను చూడగానే ఒకడు గబగబా నల్లా కట్టేశాడు. సంగతి చెబితే నమ్మలేదు. నమ్మాక మంచం ఎత్తి గోడకు ఆనించి చోటు చేశారు. ఒడిశా దంపతులు పండగకు కొన్న కొత్త స్టవ్వు నాకోసమే మొదటిసారి వెలిగించారు. పక్క రూమువాళ్లు మాంసం ముట్టరు, వాళ్లు బగారన్నం తీసుకున్నారు. పెద్ద గంజులు ఆ చిన్న స్టవ్వుల మీద నిలబడవు కాబట్టి మటన్‌కు ఉప్పు, కారం, మసాలా అంతా నా టబ్బులోనే పట్టించి, చిన్న చిన్న గిన్నెల్లో పంచాను. మా ఆయన గొడుగు పట్టుకుని రూము రూముకూ గిన్నెలు మోశాడు. పొద్దున తిట్లు తిన్న గొడుగే.

ఒక పొయ్యి మీద ఉన్నట్టు ఇంకో పొయ్యి మీద ఉండదు కదా. ఒడిశా ఆమె ఆవనూనెతో పోపు పెట్టేసింది. బిహారు పిల్లల రూములోకి వెళ్లి చూస్తే మటన్‌లో ఆలుగడ్డలు తేలుతున్నాయి. "ఆంటీజీ, ఆలూ లేకుండ మటన్ ఎట్ల?" అని వచ్చీరాని తెలుగులో వాళ్లే నన్ను ఎదురు అడిగారు. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడటం మా ఆయన కూడా చూసి ఆశ్చర్యపోయాడు.

అప్పుడొచ్చింది వదిన. పొద్దున్నే భవానీ అమ్మవారి గుడికి పోయి, అక్కణ్నుంచి నేరుగా వచ్చింది. నుదుట కుంకుమ, చేతిలో తడిసిన గొడుగు. వసారాలో నిలబడి, గిన్నెలు పట్టుకుని వానలో ఉరుకుతున్న తమ్ముణ్ని, తలనిండా పిండి అంటుకున్న నన్ను చూసింది.

"ఏందే పిల్లా ఇది, పండుగనా, పటాలమా?"

చెప్పాను. మట్టిపొయ్యిల సంగతి కూడా చెప్పాను. మిద్దె మీద పొయ్యిలు ఎవరికోసం వేశానో ఆమె అడగలేదు. కొంగు తీసి నడుముకు దోపుకుంది.

"నువ్వు కూసో వదినా, నువ్వెందుకు..."

"తిననన్న గని, చెయ్యి పెట్టనన్ననా?"

ఇక ఆపేవాళ్లెవరు? రూము రూము తిరిగింది. మంటలు తగ్గించింది, గిన్నెలు దించింది, బిహారు పిల్లలకు మటన్ ఎలా కలపాలో తెలుగులోనే చెప్పింది, వాళ్లు హిందీలో తలూపారు. చివరికి గారెల వాసనకు శ్రీకాకుళం ఆమె రూము ముందు ఆగింది. నేను పిండి గిన్నెతో వెనకే ఉన్నాను.

లోపల ఆమె కింద కూర్చుని, కిటికీ కింద స్టవ్వు పెట్టుకుని గారెలు వేస్తోంది. వదినను చూసి, ఎవరో ఏమిటో తెలియకుండానే ఒక వేడి గారె తీసి చేతిలో పెట్టింది. "ఉప్పు చూడండమ్మా. మా చేతికి ఉప్పు కాస్త ఎక్కువ."

 వద్దని ఆమెకు చెప్పడానికి నోరు తెరిచాను. కానీ వదిన గారె వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. అక్కడ మా పాత బావి ఉంది. ఇప్పుడు పైన జాలీ వేయించాం. నీళ్లు చేదే గిరక మాత్రం అలాగే ఉంది.

"గీ ఇల్లు ఎవరిది?" అని అడిగింది వదిన.

"మాదేనమ్మా" అంది శ్రీకాకుళం ఆమె, గారె తిప్పుతూ.

వదిన నా వైపు తిరిగింది. నా రూమును పట్టుకుని ఎవరైనా మాదే అంటే ఇంకో రోజు నాకు సుర్రుమనేది.

"అవు వదినా," అన్నాను. "కిరాయి కట్టినన్ని దినాలు ఆమెదే. మాకేం సంబంధం లేదు. నేను లోపలికి రావాల్నన్నా ఆమెను అడగాలె."

వదిన పెదవులు కదిలాయి. నవ్విందో, ఏడుపు ఆపుకుందో నాకు తెలియలేదు. అక్కడే గచ్చు మీద కూర్చుంది. "అమ్మ గీడనే కూసుండేది. పొయ్యి గీ కిటికి కిందనే. నీళ్లు చేదెటోళ్లను కూసున్న కాడ్నుంచే పిలుస్తుండె" అని గారె కొరికింది.

నేను ప్రతి నెలా ఆ గుమ్మంలో నిలబడి కిరాయి తీసుకున్నదాన్ని. అది అత్తమ్మ వంటిల్లున్న చోటని నాకు ఎప్పుడూ తోచలేదు.

"ఉప్పు మంచిగనే ఉంది బిడ్డా. గని మెత్తగ రుబ్బినవు. మా అమ్మ పలుకు పలుకుగ రుబ్బేది."

"నాను కాదమ్మా, అక్క మిక్సీలో రుబ్బీసినారు" అంది ఆ మహాతల్లి, నా వైపు చూపించి.

వాన తగ్గింది. పాలోళ్లు వచ్చారు. వసారాలో, మెట్ల మీద, రూముల్లో ఎక్కడ చోటుంటే అక్కడ విస్తర్లు వేశాం. రూములవాళ్లు కూడా మాతోనే కూర్చున్నారు. ఆలుగడ్డల మటన్ అందరికంటే ముందు అయిపోయింది. వదిన శ్రీకాకుళం ఆమె రూములోనే, ఆ కిటికీ కిందే కూర్చుని తింది. మా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఏదో పనున్నట్టు గుమ్మం ముందు నుంచి పోయి చూసి వచ్చారు. అన్ని రూముల కూరలూ వడ్డించుకుంది. మా ఇంట్లో, నా స్టవ్వు మీద వండిన గిన్నె తెస్తే మాత్రం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మాట మాటనే పిల్లా."

నాకు అదే చాలు. నిజంగానే చాలు. ఆ వానకూ, ఊడిపోయిన తాడిపత్రికీ, నా చేత తిట్లు తిని కూడా తలుపులు తీసిన ఆ రూములవాళ్లకూ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. నా మట్టిపొయ్యిలు నిలబడి ఉంటే వదిన మిద్దె మీద కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేది.

సాయంత్రం జమ్మి తెచ్చుకుని, అలాయ్ బలాయ్ కౌగిలింతలు అయ్యాక వదిన బయలుదేరింది. శ్రీకాకుళం ఆమెకు మా జమ్మి సంగతి కొత్త. ఆకు ఎలా ఇవ్వాలో వదినే నేర్పి, ఆమె చేతనే తన చేతిలో పెట్టించుకుని దీవించింది. గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నాకు జెర కూర డబ్బల పెట్టు."

"ఏ రూముది పెట్టాలె వదినా? ఒడిశావాళ్లది కొంచెం మిగిలింది."

ఆమె గొడుగు మడుస్తూ, నా మొహం చూడకుండా అంది. "నీ పొయ్యి మీదిది పెట్టు."

స్టీలు డబ్బా కడిగిందే మళ్లీ కడిగాను. అడుగున ఉన్న మంచి ముక్కలన్నీ ఏరి పెట్టాను. మూత ఎటు నుంచి పెట్టినా పట్టలేదు. చివరికి మా ఆయన వచ్చి పెట్టాడు.

అందరూ వెళ్లాక బావి దగ్గర శ్రీకాకుళం ఆమే, నేనూ గంజులు తోముతుంటే ఫోను మోగింది. వదిన.

"గింత కారమేందే? మా అమ్మ గిట్లనే నేర్పిందా నీకు? ముక్క ఉడికింది గని లోపలికి ఉప్పు పట్టలే. మల్లచ్చినప్పుడు నా ముంగట వండు, చూస్త..."

ఆగకుండా తిడుతూనే ఉంది. అత్తమ్మ పోయాక నా వంటను తిట్టిన మనిషి లేదు. మా ఆయన ఏది పెట్టినా తిని లేస్తాడు. సబ్బు చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను, ఇంకా మండాయి. శ్రీకాకుళం ఆమె నా మొహం చూసి నల్లా విప్పి వదిలేసింది. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి, నేనేమీ అనలేదు.

"ఇంటున్నవా?" అంది వదిన.

"ఇంటున్న వదినా, చెప్పు" అన్నాను.