గుడ్ల కంపు మధ్య వాంకూవర్ కాల్

మా ఆవిడ ఆఫీసు పని మీద వాంకూవర్ వెళ్ళాక మా కాపురమంతా కంపెనీ కారు వెనక సీట్లోకి మారింది. నార్సింగిలో నేను పొద్దున్నే కారెక్కే వేళకు అక్కడ ఆవిడ రాత్రి భోజనానికి కూర్చుంటుంది. నేను మాదాపూర్‌లో దిగి మెడలో కార్డు తగిలించుకునేసరికి పక్క దులుపుకుంటూ ఉంటుంది. సాయంత్రం నాకు తీరిక దొరికేసరికి ఆవిడకు మీటింగులు మొదలవుతాయి. కనుక అనురాగం, అలకలు, గ్యాస్ సిలిండర్ బుకింగు, అన్నీ ఆ ట్రాఫిక్‌లోనే వీడియో కాల్లో ముగించుకోవాలి.

ఇదంతా వేసవిలో అయిపోవాల్సింది. కానీ అక్కడి మేనేజరు ఇంకో ఆరు నెలలు ఉండమని అడిగాడట. ఉండటమా, వచ్చెయ్యడమా అన్నది నేను చెప్పాలని ఆవిడ పట్టుబట్టింది. వచ్చెయ్యమనే నా మనసులో మాట. ఆ ముక్క చెప్పడానికి నాకు కావలసిందల్లా ఒక్క నిమిషం ఏకాంతం. అది మాత్రం ఆ కార్లో దొరికే వస్తువు కాదు.

పక్క సీట్లో మా టవర్‌లోనే ఉండే సహోద్యోగి కూర్చునేవాడు. కర్నూలు వైపు మనిషి, స్వభావం మంచిదే. కాకపోతే ఒళ్ళు తగ్గించే దీక్షలో ఉన్నాడు. ఆ దీక్షకు నైవేద్యం ఉడకబెట్టిన గుడ్లు. వాటిని ముందు రోజే ఉడికించి, రాత్రంతా డబ్బాలో మగ్గబెట్టి తెచ్చేవాడని నా గట్టి నమ్మకం. మూత తీయగానే ఏసీ కూడా ఒకసారి దగ్గేది. డ్యాష్‌బోర్డు మీది దేవుడు మొహం అటు తిప్పుకోవడం నేను కళ్ళారా చూశాను. అద్దం దించితే లారీల దుమ్ము, ఎత్తితే గుడ్డు. తినడం అయ్యాక సాక్సులు విప్పి కాళ్ళకు గాలి తగలనిచ్చేవాడు. ఆపైన ఇంటి తాళంచెవితో చెవి తవ్వి, వచ్చినదాన్ని వెలుతురుకు పట్టుకుని తీరిగ్గా పరిశీలించేవాడు.

పోనీ ఫోను తెర వంక చూద్దామా అంటే అక్కడ మా ఆవిడ పళ్ళెం. వెళ్ళిన కొత్తలో పెరుగనుకుని బిందెడంత డబ్బా కొనుక్కొచ్చింది. తీరా చూస్తే అది వెనిలా వేసిన తియ్యటి పెరుగు. పారెయ్యడానికి చేతులు రావు. అందుకని రోజూ అన్నంలో అదే కలిపి, పైన ఇంత ఆవకాయ వేసుకుని తినేది. ఆ గులాబీరంగు ముద్ద నోటి దాకా వెళ్ళే దృశ్యాన్ని నేను గుడ్డు వాసనతో కలిపి ఆస్వాదించాలి.

"ఏవండీ, ఏం కూర పట్టుకెళ్తున్నారు?" అని మొదలుపెట్టేది.

"బెండకాయ. నువ్వు ఆ పెరుగు పారెయ్యకూడదూ?"

"సగం అయిపోయిందండీ. అలవాటైపోయింది. ఐస్‌క్రీములో ఆవకాయ నంజుకున్నట్టుంటుంది."

నేను కూర డబ్బా ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టేశాను.

ఆ రోజు మామూలు కూర ప్రశ్న కూడా వేయలేదు. "రేపు పొద్దున ఆఫీసులో అడుగు పెట్టగానే చెప్పెయ్యాలండీ. ఉండనా, రానా?" అంది. కారు రాయదుర్గం దగ్గర ఇరుక్కుని ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. అది విని పక్కాయన గుడ్డు నమలడం ఆపేశాడు. డ్రైవరు పాట ఆపేశాడు. ముందరి బస్సు కూడా ఇంజను ఆపి చెవి ఒగ్గిందేమో అనిపించింది.

"నీ ఇష్టం" అన్నాను.

ప్రపంచంలో ఇంతకన్నా పాచిపోయిన మాట ఇంకొకటి లేదు. అంటున్నప్పుడే నా నోరు నాకే కంపు కొట్టింది.

"నా ఇష్టం నాకు తెలుసండీ. మీ ఇష్టం అడిగాను."

నేను నోరు తెరిచేలోపు పక్కాయన నా భుజం మీదికి వాలాడు. "ఏంటికి సార్ ఇప్పుడు రావడం? ఉండమని చెప్పు సార్. ఆరు నెల్లంటే ఎంతసేపు. మేడం, మీరు ఉండండి మేడం" అంటూ మాట దిటవు కోసం వేలు పెట్టి తెర మీద పొడిచాడు. ఆ వేలికి ఉన్న పచ్చసొన మా ఆవిడ నుదుట సరిగ్గా బొట్టు స్థానంలో అంటుకుంది. పాపం, ఆవిడకు తెలియదు. పచ్చని బొట్టుతో నా జవాబు కోసం చూస్తూనే ఉంది.

డ్రైవరు అద్దంలోంచి అందుకున్నాడు. "గట్లెట్ల సార్. ఇంట్ల మనిషి లేకుంటె ఏం బాగుంటది. మా సార్ మొకం జూస్తలేరా, ఎండిపోయింది. రమ్మనుండ్రి."

"నువ్వు ముందుకు చూడు నాయనా" అన్నాడు పక్కాయన.

"ముందు ఏముంది సార్, బస్సే ఉంది."

ఇద్దరూ నా కాపురం మీద వాదనకు దిగారు. నేను కారు తలుపు తీశాను.

"సార్, ఈడ దిగుతరా? పక్కన నాలా ఉంది, పరేషాన్ అయితరు" అన్నాడు డ్రైవరు.

దిగాను. అది మురుగునీటి నాలా కాదు, మాదాపూర్ చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ కలిసి రాత్రంతా తయారుచేసిన కషాయం. గట్టున బిర్యానీ పొట్లాల కొండ. దాని మీద నిలబడి ఒక పంది నన్ను జాలిగా చూసింది. వంతెన స్తంభానికి మనిషెత్తున ఎర్రటి ఉమ్ములు. నేను ముక్కు గట్టిగా పట్టుకుని, "హలో, వింటున్నావా" అన్నాను.

"మీ గొంతేమిటి అలా ఉంది? కళ్ళు తప్ప మొహం కనబడట్లేదు. జలుబు చేసిందా?"

"లేదు. ముక్కు మూసుకున్నాను. నాలా పక్కన ఉన్నాను."

"అక్కడికెందుకు వెళ్ళారండీ?"

"నీతో మాట్లాడటానికి. ఇక్కడ ఎవరూ లేరు."

ఆవిడ చెంచా కింద పెట్టింది. "అయితే ముక్కు వదిలి చెప్పండి. ఆ ముక్కు గొంతుతో చెబితే వేళాకోళమాడుతున్నారో, నిజంగా అంటున్నారో నాకు తెలియదు."

వదిలాను. ఆ కంపు ముక్కులోంచి వెళ్ళి వెన్నెముక మెట్లన్నీ దిగి అరికాళ్ళ దాకా చేరింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆ నీళ్ళన్నీ నాలా పుణ్యమేనని ప్రమాణం చెయ్యమంటే మాత్రం చెయ్యను.

"వచ్చెయ్" అన్నాను. "నువ్వు లేకుండా ఏం బాగాలేదు. ఒక్కడికి వండుకోవడం అసహ్యంగా ఉంది. ఆ ఇల్లు అసహ్యంగా ఉంది. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది. ఉండొద్దు."

ఆవిడ పళ్ళెం పక్కకు జరిపింది. 

"ఈ మాట వారం నుంచీ అడుగుతున్నాను" అంది. "సరే, ఉండనని వాళ్ళకు చెప్పేస్తాను. మీరు ముందు అక్కణ్ణుంచి కదలండి. వాంతి చేసుకునేలా ఉన్నారు."

నేను కదల్లేదు. ఆవిడ ఫోను పెట్టేసే దాకా ఆ కషాయపు గట్టునే నిలబడి, ఊపిరి పీలుస్తూ, విమానం టిక్కెట్టు ఏ తారీకుకు దొరుకుతుందో మాట్లాడుకుంటూ ఉన్నాను.