జూలూరుపాడు నుంచి ఎర్రపెట్టతో

ఈ ప్రయాణం గురించి రాసింది ముందుగా మా పెద్దమ్మాయి కృపకు చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దింది, ఒక చోట నవ్వింది, ఆఖరుకి సరేనంది. ఆమె సరే అనకపోతే ఇది మీ దాకా వచ్చేది కాదు. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అది 2006 ఏప్రిల్. టాంజానియాలో ఏడేళ్ల మిషనరీ సేవ ముగించుకుని నేను, మా ఆయన పాస్టర్ ప్రభుదాసు, అక్కడే పుట్టిన నాలుగేళ్ల రూతు ఇంటిదారి పట్టాం. ఇల్లంటే మేమింకా చూడని ఇల్లు. భద్రాచలం దాటి చర్ల వెళ్లే దారిలో, అడవి అంచున ఒక కోయపల్లెలో క్రైస్తవ సంఘాన్ని మా ఆయనకు అప్పగించారు. అంతకంటే ముందు జూలూరుపాడులో దిగాలి. అక్కడ మా శాంతక్క ఇంట్లో కృప ఉంది. ఆమెను మాతో తీసుకెళ్లాలి. వస్తుందో రాదో తెలియదు. విమానం ఎక్కినప్పటి నుంచీ నాకదే గుబులు.

వెళ్లేటప్పుడు కృపకు మూడేళ్లు. అక్కడి మొదటి వానాకాలంలోనే మలేరియా వచ్చి మెదడుకు ఎక్కింది. బతికింది గానీ, ఇంకోసారి వస్తే చెప్పలేనని డాక్టరు అన్నాడు. పిల్లను తీసుకొచ్చి అక్క చేతిలో పెట్టి, నెల తిరక్కుండానే నేను వెనక్కి వెళ్లిపోయాను. మధ్యలో ఒక్కసారే సెలవు మీద వచ్చాం. ఆ రెండు నెలలూ ఊరూరా సంఘాల్లో రిపోర్టులు చెప్పడానికే సరిపోయాయి. కృప దగ్గర ఉన్నది నాలుగు రోజులు. ఇప్పుడామెకు పదేళ్లు.

దార్ ఎస్ సలామ్ నుంచి బొంబాయికి విమానం, బొంబాయి నుంచి సికింద్రాబాదుకి రైలు. శనివారం పొద్దున ఆరు గంటలకు విజయవాడ వైపు వెళ్లే రైలెక్కాం. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట. భద్రాచలం రోడ్ అనే స్టేషను పేరు చూసి, అక్కడ దిగితే ఎదురుగా గోదావరి ఉంటుందనుకోకండి. అది కొత్తగూడెం. అక్కడి నుంచి భద్రాచలానికి బస్సులో ఇంకా గంట పైనే పడుతుంది. జూలూరుపాడు వెళ్లేవాళ్లకు ఖమ్మంలో దిగి బస్సెక్కడమే నయం.

కాజీపేటలో ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. భర్తది కొత్తగూడెంలో బొగ్గుబాయి పనట, డోర్నకల్‌లో రైలు మారాలట. టిఫిను డబ్బా తెరిచి, అడక్కుండానే రూతు చేతిలో పులిహోర ముద్ద పెట్టింది.

"యాడికెల్లి వస్తున్నరమ్మా?"

"ఆఫ్రికా నుంచి."

"ఓయమ్మో! గాడ మన కందిపప్పు దొరుకుతదా?"

దొరుకుతుందన్నాను. ఒక్కతే బిడ్డా అని అడిగింది. ఇద్దరని, పెద్దది మా అక్క దగ్గర ఆరేళ్లుగా పెరుగుతోందని చెప్పాను.

"ఆరేండ్లా? గట్లయితే గది మీ అక్క బిడ్డే" అని నవ్వి, డబ్బా మూత పెట్టుకుంది.

ఆమె మనసులో ఏ చెడూ లేదు. ఉన్నమాటే అంది. కానీ డోర్నకల్ వచ్చే లోపల నేను మూడుసార్లు లేచి తలుపు దాకా వెళ్లొచ్చాను. "కూర్చో, రైలు నీకంటే జోరుగానే పోతోంది" అన్నారు మా ఆయన. కూర్చున్నాను. కాళ్లు మాత్రం ఊరుకోలేదు.

పదిన్నరకు ఖమ్మం. బస్టాండులో ఇడ్లీలు తిని, పదకొండు గంటలకు వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే బస్సెక్కాం. ఏప్రిల్ ఎండ, పైగా కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటు. బస్సంతా తుమ్ములే. రూతు కళ్లు నులుముకుంటూ, ఇంతమందిని ఎవరు ఏడిపించారని స్వాహిలీలో అడిగింది. నవ్వొచ్చింది గానీ పెదాల దాకా రాలేదు.

ఒంటిగంటకు జూలూరుపాడులో దిగాం. బావ బస్సు దగ్గరికి వచ్చాడు. ఆయన బొగ్గుబాయి పని మానేసి ఇప్పుడు రెండెకరాల్లో మిర్చి వేస్తున్నాడు. ఇంటి ముందు అక్క నన్ను పట్టుకుని, "ఏందే గిట్ల చిక్కినవ్? బొక్కలే మిగిలినయ్" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్క వెనక నుంచి చెంబుతో నీళ్లు పట్టుకుని ఒక పొడుగాటి పిల్ల వచ్చింది.

"తీసుకోండి" అంది.

ఊళ్లోకొచ్చిన దొరసానికి ఇచ్చినట్టే ఇచ్చింది. చెంబు అందుకుంటూ ఉంటే "అమ్మా" అని వినబడింది. నేను చటుక్కున తలెత్తాను. "అమ్మా, పొయ్యి మీద కూర దించాల్నా?" అంటోంది కృప, అక్కను.

నాలుగు గంటలకు కృప పెరట్లో కోళ్లకు నూకలు వేస్తుంటే దగ్గరికి వెళ్లాను. వాటిలో ఒక ఎర్రపెట్ట ఆమె పాదాల చుట్టూ తిరుగుతోంది. తెల్లవారితే ఆదివారం, చర్చిలో కోతల పండుగ. అక్కడ మిర్చి కోతలయ్యాకే ఆ పండుగ చేస్తారు. ఈ పెట్టను కానుకగా ఇస్తానని చెప్పింది. మంచిదన్నాను. మా కొత్త ఊరి గురించి, అడవి గురించి చెప్పి, మాతో వస్తావు కదూ అని అడిగాను.

ఆమె నూకల చేట పక్కన పెట్టింది. "అర్పించినంక మళ్ల తీస్కుంటరా?"

నాకు అర్థం కాలేదు.

"ఉత్తరంల రాసిన్రు గద. కానుక సంచిల ఏసినంక ఎవలన్న చెయ్యి పెట్టి తీస్కుంటరా?"

మిషనరీలు మూడు నెలలకోసారి ప్రార్థన ఉత్తరం రాస్తారు. వాళ్లను పంపిన సంఘం, మాకైతే ఈ జూలూరుపాడు చర్చే, దాన్ని ఆదివారం ఆరాధనలో చదివిస్తుంది. ప్రతి ఉత్తరం చివర నేనొక వాక్యం రాసేదాన్ని: మా కృపను దేవుని పని కోసం అర్పించుకున్నాం, మా కోసం ప్రార్థించండి. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారట. కానుకలూ బాగానే వచ్చేవి. ఆ వాక్యం చదువుతున్నప్పుడు ముందు వరుసలో, చాప మీద, మా కృపే కూర్చుని వింటుందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఆరేళ్లు రాశాను.

"మరి రూతును ఎందుకు అర్పియ్యలే?" అని అడిగింది.

రూతు పుట్టేనాటికి మంచి మందులు వచ్చాయని, దోమతెరలు ఇచ్చారని ఏదో చెప్పాను. అంతా విని, "సరే" అని చేట తీసుకుని లోపలికి పోయింది.

దీపాలు పెట్టే వేళ అక్కతో ఈ మాట చెప్పాను. అక్క చింతపండు పిసుకుతోంది. "తీస్కపో అననే, తీస్కపోవద్దని గూడ అన. ఆరేండ్లు సాకంగ సాకంగ నాకు అలవాటైంది. దాన్నే అడుగు" అంది. అక్కకు పిల్లలు లేరు. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఆదివారం పది గంటలకు చర్చి కిటకిటలాడింది. వేదిక ముందు గుమ్మడికాయలు, పెసల బస్తాలు, మిర్చి బుట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. దేవుడు మా సేవలో చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. కృపకు చెప్పాల్సిన మాట అక్కడే చెబుదామని లేచాను. నోరు తెరిస్తే పాత రిపోర్టే వచ్చింది. నదులు, నడకలు, బాప్తిస్మాలు. పావుగంట ధారాళంగా మాట్లాడాను, స్తోత్రాలు మోగాయి. ముందు వరుస వైపు చూడలేదు. వచ్చి కూర్చున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత వేలం పాట. వస్తు రూపంలో వచ్చిన కానుకల్ని మా చర్చిల్లో పాట పెడతారు. ఇచ్చినవాళ్లే ఎక్కువకు పాడుకుని తమ కోడిని తామే ఇంటికి తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. అటు దేవుడికీ ముట్టింది, ఇటు కోడీ ఇల్లు చేరింది. ఏటా కృప ఇచ్చిన కోడిని అక్కే పాడుకుంటుందని బావ నా చెవిలో చెప్పాడు.

సంఘపెద్ద ఏసోబు తాత ఎర్రపెట్టను పైకెత్తాడు. అక్క తల దించుకుని చాప ఈనెలు లాగుతోంది. పాటలోకి దిగలేదు. ట్రాక్టరు నడిపే ఒకాయన రెండు వందలన్నాడు.

"రెండొందలు ఒకటోసారి..."

దేవుడికిచ్చినదాన్ని, అందులోనూ మిషనరీ అమ్మగారు, పాడుకుంటే బాగుంటుందా అని నేను తటపటాయించాను. ఏడేళ్లలో మా చర్చి తీరే మరిచిపోయాను.

"రెండోసారి..."

కృప వెనక్కి తిరిగింది. అక్క వైపు కాదు, నా వైపు.

"మూడొందలు!" అని లేచాను. గొంతు పెద్దగానే లేచింది. అంతా తిరిగి చూశారు. ఇక కూర్చోలేకపోయాను. ఏడేళ్ల ప్రసంగాల భాష ఎటు పోయిందో, మా ఊరి మాటే వచ్చింది. "గది నా బిడ్డ కోడి. గా ఉత్తరాలల్ల నేను రాసింది తప్పు. నా బిడ్డను నేను అర్పియ్యలే. జరానికి భయపడ్డ. చేసే పని ఇడిసిపెట్ట బుద్ధిగాలే. అందుకే అక్క దగ్గర ఇడిసిపెట్టి పోయిన. గంతే. మా అక్క సాకింది."

తాత చేతిలో పెట్ట రెక్కలు కొట్టింది.

"గది సరేగని బిడ్డా," అన్నాడు తాత, "మూడొందలేనా, ఇంక ఎక్కుతవా?"

అంతా గొల్లుమన్నారు. ట్రాక్టరాయన చేతులెత్తేశాడు. ఇంటికి వస్తుంటే మా ఆయన, "ఆ ఉత్తరాల కింద నేనూ సంతకం పెట్టాను" అన్నారు. ఇల్లు చేరగానే కృప పెట్ట కాళ్లు విప్పి, నీళ్లు పెట్టింది.

సోమవారం పొద్దున ఆరున్నరకు మేం సామాను సర్దుతుంటే అరుగు మీద బడి సంచీ, పక్కన గంపలో ఎర్రపెట్ట ఉన్నాయి. "ఎండకాలం సెలవులదాకనే" అంది కృప. "బడి తెరిచినంక ఏంజేయాల్నో అప్పుడు చూస్త."

ఏడు గంటల బస్సు దగ్గర అక్క మామిడి తొక్కు జాడీ నా చేతిలో పెట్టింది. "పొద్దుగాల నూకలెయ్యి, మర్సిపోకు" అని కోడి గురించి చెబుతూ చెబుతూ భోరుమంది. బస్సు మలుపు తిరిగేదాకా కృప కిటికీలోంచి చెయ్యి లోపలికి తీయలేదు.

ఎనిమిదిన్నరకు కొత్తగూడెంలో బస్సు మారాం. పాల్వంచ కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటి, పదింటికి గోదావరి వంతెన ఎక్కాం. ఏరు సన్నబడి అంతా ఇసకే. భద్రాచలంలో చర్ల బస్సు దొరికింది. బుట్టల నిండా ఎండిన ఇప్పపూలతో కోయ ఆడవాళ్లు ఎక్కారు, బస్సంతా తియ్యటి వాసన కమ్ముకుంది. కండక్టరు గంప చూసి, "కోడెవలిది? టికెట్ కొట్టాలె" అన్నాడు.

"మా అమ్మది" అంది కృప. "పాటల పాడుకున్నది."

నేను కిటికీ వైపు తిరిగి చాలాసేపు అడవినే చూశాను. ఏం చెట్లో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. కాసేపటికి కృప మోచేత్తో పొడిచింది.

"మళ్ల ఉత్తరంల నా గురించి రాస్తవా?"

"రాయను."

"రాయి. గని ముందుగాల నాకు సదివి వినిపియ్యి."

సంచిలోంచి కాగితం తీసి, ఆ కుదుపుల్లోనే వంకరటింకర అక్షరాలతో ఒక వాక్యం రాసి చదివాను: "మా కృపను మాతో ఇంటికి తీసుకొస్తున్నాం."

కృప నా చేతిలో పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసింది.

"గట్ల గాదు. కృపనే వస్తున్నదని రాయి."