ఇరవై అయిదు సెకన్లు

ఆ కాలేజీలో ప్రిన్సిపాల్ ఎవరో తెలియని విద్యార్థులైనా ఉంటారేమో గానీ గంటల బాబాయిని ఎరగనివాళ్ళు లేరు. పేరుకి అటెండరు. ఫైళ్ళు మోస్తాడు, గదుల తాళాలు తీస్తాడు, పొద్దున్నే హాల్లో చర్చా సంఘం కప్పు గెలిచినవాళ్ళ పేర్ల బోర్డు తుడుస్తాడు. కానీ ఏడాదికొక్కరోజు, ఆ కప్పు పోటీ నాడు, స్టేజీ పక్కన చిన్న బల్ల వేసుకుని ఎడమచేత స్టాప్‌వాచీ, కుడిచేత చెక్క సుత్తి పట్టుకుని కూర్చున్నాడంటే ఆయన ముందు ప్రిన్సిపాలైనా బలాదూరే. ఆరో నిమిషానికి మొదటి గంట, ఏడో నిమిషానికి రెండో గంట. రెండోది పడ్డాక ఒక్క మాట పెగిలినా ఐదు మార్కులు కోత. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గంట ఒక్క సెకను అటూ ఇటూ కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళంటే మాటలా!

ఈ నియమం ఊరికే రాలేదు. కప్పు ఇచ్చింది తర్కశాస్త్రం చెప్పి రిటైరైన ఓ మాస్టారు. మొదటి ఏడాది టైమనేది లేదట. ఒక మహానుభావుడు మైకు పట్టుకుని గంటా నలభై నిమిషాలు వదల్లేదు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకాయన కునుకు తీశాడు, ఇంకొకాయన చెప్పాపెట్టకుండా ఇంటికి పోయాడు. మాస్టారికి ఒళ్ళు మండి మర్నాడే వాచీ, ఇత్తడి గంట కొనుక్కొచ్చాడు. వాటితోపాటు ఒక కాగితం రాసి పెట్టాడు. గంట తప్పు పడితే కొట్టినవాడు ఫలితం చదవకముందే లేచి చెప్పాలి, తర్వాత చెబితే చెల్లదు. ఆ మాట వాడాల్సిన అవసరం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

బాబాయి గంటకి బలైనవాళ్ళ జాబితా మాత్రం చాంతాడంత. ఇరవై రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు హాలంతా ఊగిపోయేలా మాట్లాడి, రెండో గంట పడ్డాక నోరు జారి "ధన్యవాదాలు" అన్నాడు. అంతే! ఐదు మార్కులు హుళక్కి, కప్పు ఇంకొకడికి. ఆ కుర్రాడే ఇప్పుడు పేరున్న ప్లీడరు. పగ పట్టలేదు సరికదా, తనకు క్రమశిక్షణ నేర్పింది గంటల బాబాయేనని కనబడ్డవాళ్ళందరికీ చెబుతాడు. ఈ ఏడు ముఖ్య న్యాయనిర్ణేత ఆయనే.

ఈ ఏడు మాట్లాడేవాళ్ళలో బాబాయి కూతురు కూడా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పిల్ల మాట్లాడితే ఇంటి గోడలు కూడా చెవులు రిక్కించాల్సిందే. అయినా రెండేళ్ళపాటు పోటీకి నిలబడనివ్వలేదు తండ్రి. "నేను గంట కొట్టే చోట నువ్వు మాట్లాడితే లోకం ఏమంటుంది?" అన్నాడు. మూడో ఏడు తల్లి అడ్డం తిరిగింది. ఆ పిల్లకి ఇదే ఆఖరి ఏడు. ఇప్పుడు పోతే ఆ బోర్డు మీద పేరు ఇక పడదు. పడాలని తండ్రికి లేదా? ఉంది. కూతురికంటే నాలుగు పాళ్ళు ఎక్కువే ఉంది. పైకి అనడు, అంతే.

పోటీ రోజు పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఇవాళ్టికి ఆ సుత్తి ఇంకెవరికైనా ఇవ్వండి. మీరు ఒక్కరోజు గంట కొట్టకపోతే కాలేజీ కూలిపోదు."

"అంటే, నా చెయ్యి వంకర పోతుందనా నీ భయం?"

"వంకర పోతుందని కాదు. మరీ నిటారుగా పోతుందని."

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిడ నవ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి హాలు కిక్కిరిసింది. "పరీక్షలు రద్దు చేయాలా, వద్దా" అన్నది విషయం. మొత్తం ఏడుగురు. మొదటి నలుగురికీ గంట గడియారానికే పాఠం చెప్పేంత సరిగ్గా పడింది. నాలుగోవాడు, ఎర్ర చొక్కా కుర్రాడు, దంచేశాడు. ఐదో పిలుపు కూతురిది.

ఆ పిల్ల మైకు దగ్గరికొచ్చి తండ్రి వైపు చూడలేదు. ఆయన వాచీ నొక్కాడు. వెనక వరసలోంచి ఎవడో పక్కవాడితో అంటున్నాడు, అదీ బాబాయికి వినబడేలా: "చూస్తూండు, కూతురికి ఎంత సాగదీస్తాడో." కిసుక్కున నవ్వులు.

బాబాయి చెవులు వేడెక్కాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చెయ్యని ఆ మనిషి సుత్తిని ఇంకా గట్టిగా బిగించాడు. ఆరో నిమిషం మొదటి గంట సరిగ్గానే పడింది. కూతురి గొంతు ఒక్క మెట్టు పైకి లేచింది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆరు నిమిషాల ఇరవై. సాగదీశావంటారు. ఒక్క సెకను దాటినా ముప్పై ఒక్క ఏళ్ళూ బూడిదే. ముప్పై. అరచెయ్యి చెమటతో జారుతోంది. వాళ్ళు మళ్ళీ నవ్వారు, వేరే దేనికో ఏమో!

టంగ్!

కొట్టాకే ముల్లు చూశాడు. ఆరు నిమిషాల ముప్పై అయిదు సెకన్లు.

కూతురు మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది. అక్షరం రాలేదు. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో గంట పడ్డాక మాట్లాడకూడదు మరి! తలవంచి నమస్కారం పెట్టి దిగిపోయింది. బాబాయి బొటనవేలు అలవాటు ప్రకారం వాచీని నొక్కేసింది. ముల్లు వెనక్కి, సున్నాకి వెళ్ళిపోయింది. ఇక ఆ ఇరవై అయిదు సెకన్లకి సాక్ష్యం ఆయన గుండె ఒక్కటే.

మిగిలిన ఇద్దరికీ గంట ఎలా కొట్టాడో ఆయనకే తెలియదు. న్యాయనిర్ణేతలు పక్కగదిలోకి వెళ్ళారు. పదిహేను నిమిషాలు. చెబితే ఏమంటారు? కూతురి కోసం కొత్త నాటకం మొదలెట్టాడంటారు. చెప్పకపోతే? సొంత బిడ్డ గొంతు నొక్కి, నిప్పులాంటి మనిషన్న పేరు జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కూతురు మూడో వరసలో కూర్చుని తన చేతులే చూసుకుంటోంది.

ప్లీడరు గారు కాగితం పట్టుకుని మైకు దగ్గరికొచ్చాడు.

"ఫలితం చెప్పేముందు ఒక్క మాట. ఐదో వక్త అద్భుతంగా మాట్లాడింది. ముగింపు లేకపోవడం వల్ల మొదటి స్థానానికి రెండే రెండు మార్కులు తగ్గాయి. కానీ మీరు గమనించారా? కన్నకూతురు మాట్లాడుతుంటే కూడా మా బాబాయి చెయ్యి వణకలేదు! న్యాయం అంటే అదీ!"

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు తన వీపు మీద పడుతున్నట్టే ఉంది బాబాయికి. ప్లీడరు గారు కాగితం మడత విప్పుతున్నాడు.

"అయ్యా, ఆగండి!" లేచేశాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఆ గంట తప్పు. ఇరవై అయిదు సెకన్లు ముందే కొట్టాను."

వెనక వరస భగ్గుమంది.

"ఆహా! రెండు మార్కులే అని తెలిశాక గుర్తొచ్చిందా బాబాయ్?"

"కప్పు ఇంటికే పట్టుకుపోండి, సరిపోతుంది!"

ఎర్ర చొక్కా కుర్రాడి మొహం పాలిపోయింది.

ప్లీడరు గారు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "వాచీ చూపించు బాబాయ్."

"సున్నాకి తిప్పేశానండీ. నా మాట తప్ప ఇంకేం లేదు."

ప్లీడరు గారు ఆయన మొహంలోకి చూశాడు. "నీ మాట చాలు," అని మూడో వరస వైపు తిరిగాడు. "రా అమ్మా. నీ ఇరవై అయిదు సెకన్లు నువ్వు తీసుకో. వాచీ నేను పట్టుకుంటాను."

కూతురు లేచి నిలబడింది. "నాటకం! నాటకం!" అని వెనకాల బల్లలు బాదుతున్నారు. ఆ పిల్ల ఒకసారి వాళ్ళ వైపు చూసింది, ఒకసారి తండ్రిని చూసింది. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి, సుత్తి ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడాయన.

"వద్దు సార్," అంది. "గంట పడింది, ఆపేశాను. ఫలితం చదవండి."

బల్లల మోత టక్కున ఆగిపోయింది. కప్పు ఎర్ర చొక్కా కుర్రాడికి వచ్చింది. కుర్రాడు మంచివాడు, అందుకునేటప్పుడు తలెత్తలేకపోయాడు. బయట వరండాలో నలుగురూ బాబాయి చేతులు పట్టుకుని ఊపారు. మీలాంటి మనిషి ఉండడన్నారు. నవ్విన వెనక వరసవాళ్ళే ముందుగా వచ్చారు. ఆయనకి ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఇంటికి నడుస్తున్నారు ఇద్దరూ. సగం దారి దాటారు.

"తల్లీ, ఎందుకు వద్దన్నావు?" అన్నాడు చివరికి.

"తీసుకుంటే నువ్వు నా కోసం అబద్ధం ఆడావనేవాళ్ళు. రేపటినుంచి ఆ కాలేజీలో ఎలా తిరుగుతావు?"

"నా సంగతి నీకెందుకమ్మా! కప్పు నీది!"

కూతురు ఆగిపోయింది. ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది.

"నువ్వు ముందే కొడతావని నాకు తెలుసు నాన్నా. అందుకే ఏడు నిమిషాల మాటని ఆరు నిమిషాల నలభైకి కుదించుకున్నా. ఇరవై సెకన్లు నీ భయానికి వదిలేశా. అవి చాల్లేదు నీకు! ఇంకో అయిదు కూడా తీసుకున్నావు!" "నీ పేరు నువ్వు కాపాడుకున్నావు. నేనూ నీ పేరే కాపాడాను. మరి నా సంగతి ఎవరు చూస్తారు?"

ఆయన రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. వెనక సైకిలువాడు బెల్లు కొట్టి, తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. క్షమించమందామంటే తండ్రినోట ఆ మాట రాలేదు. నాలుగడుగులు వేసి, దగ్గరికొచ్చి, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ఆ మిగిలిపోయిన మాటేమిటో నాకు చెప్పమ్మా. నేను వింటా."

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"చెప్పను," అంది. "అది ఆ హాల్లో చెప్పాల్సిన మాట."

సంచీ భుజానికి సర్దుకుని ముందుకి నడిచింది. ఆయన ఆమె వెనకే, రెండడుగుల దూరంలో, ఇంటిదాకా నడిచాడు.