ఆడి పద్దెనిమిది నాటి కొత్త నీళ్లు

ఈ ఉదయం కుళాయి తిప్పగానే బ్లీచింగు పౌడరు వాసన గుప్పుమంది. అప్పుడప్పుడూ ఉండేదే, అందులో వింతేమీ లేదు. కానీ ఇవాళ ఆడి నెల పద్దెనిమిదో రోజు, కావేరి కొత్త నీటికి మొక్కే పండగ కావడంతో బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మీలో తమిళనాడులో మా ధర్మపురి వైపు పెరిగినవాళ్లకు మా ఫ్లోరైడు బోరు నీళ్ల సంగతి చెప్పనక్కరలేదు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, మా తరం పళ్లన్నీ గారలే, పెళ్లి ఫొటోలో నేనూ మా ఆవిడా నోరు మూసుకునే నవ్వాము. ఆ నీళ్లలోనే ఆమె ముందుగదిలో గాజుతొట్టి పెట్టి బంగారు చేపలను పెంచింది. మాకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు గాని, బట్టల కొట్టు మూసి నేను ఇంటికి వచ్చేసరికి ఆమె తొట్టి ముందు కూర్చుని ఏ చేప ఏం అల్లరి చేసిందో చెప్పేది, నేను వేళాకోళం చేస్తూనే అంతా వినేవాణ్ణి. వారానికోసారి రెండు చెంబుల నీళ్లు తీసి రెండు చెంబులు పోసేది, అంతకుమించి ఆమెకేమీ తెలియదు, అవి మాత్రం హాయిగా బతికాయి.

ఆ తర్వాత హొగేనకల్ నుంచి కావేరి నీళ్లు మా ఇంటి కుళాయికి వచ్చాయి. ప్రతి ఆడి పద్దెనిమిదికీ చిత్రాన్నం కట్టుకుని, బస్సెక్కి ఏటికి పోయి, కొత్త నీటికి పసుపు కుంకుమలు పెట్టి మొక్కివచ్చే మనిషి ఆ ఏడు బస్సెక్కలేదు. కుళాయికే బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, మొదటి బిందె చంకనెత్తుకుని తొట్టి దగ్గరికి నడిచింది.

"కావేరమ్మ వాకిట్లోకే వచ్చినాది. ముందు బిడ్డలు తాగనీ," అంది.

పాత నీళ్లు చుక్క మిగల్చకుండా తోడేసి, తొట్టి నిండా కొత్త నీళ్లు పోసింది. నేనూ పక్కన నిలబడి చెంబు అందించాను. మధ్యాహ్నానికి చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. దీపాలు పెట్టే వేళకు ఒక్కటీ మిగలలేదు. మరునాడు బంగారు చేపలు అమ్మే అంగడి అతను తమిళంలో నిదానంగా చెప్పాడు, మనుషుల మంచికి కుళాయి నీళ్లలో కలిపే బ్లీచింగు మందు చేపల మొప్పలను కాల్చేస్తుందనీ, కుళాయి నీళ్లు ఒక రోజు మూత లేకుండా ఉంచాలనీ, ఎప్పుడూ కాస్త కాస్తే మార్చాలనీ. ఆమె అంతా విన్నది.

"పొయ్యేటప్పుడు నా పక్కే చూసినాయి," అని మాత్రం అంది.

తొట్టి మళ్లీ నింపలేదు. కానీ ఆనాటి నుంచి రోజూ ఒక బకెట్టు నీళ్లు పట్టి, వంటింటి గడప పక్కన మూత లేకుండా ఉంచేది. చేపలు లేని ఇంట్లో ఎందుకని ఒకసారి అడిగాను. ఆమె వంగి బకెట్టును గడపకు ఇంకాస్త దగ్గరికి జరిపింది, నేను మళ్లీ అడగలేదు. పోయిన ఏడు ఆమె కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు మా వీధి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, పప్పు ఇట్టే ఉడుకుతోంది, కుళాయిలోంచి వచ్చేది కావేరి అని తలుచుకునేవాళ్లు లేరు. మంచిదే, కాదనను. కుళాయికి బొట్టు పెట్టబోతే ఈ ఉదయం నాకు చెయ్యి రాలేదు. బకెట్టు నింపి ఆమె ఉంచే చోటే ఉంచాను. రేపటికి ఆ వాసన పోతుంది, ఆ నీళ్లలో ఏ చేపైనా బతుకుతుంది. పోసే మనిషే లేదు.