కన్నారావు కట్టిన ఏడు ఖానాల మిషను

కన్నారావు దుకాణంలో కుర్చీ ఒక్కటే ఉంటుంది. అది పని చేసేవాడికి. వచ్చినవాళ్ళు నిలబడి మాట్లాడాల్సిందే, అందుకని అవసరమైనంతే మాట్లాడతారు. మా దీవిలో, హాడో పేటలో, ఓడలు ఆగే వార్ఫు వైపు దిగే సందులో, రేకుల కప్పు కింద ఉన్న ఆ గదికి బోర్డు హిందీలో ఉంటుంది: కంప్యూటర్ రిపేర్. దాని కింద సగం వెలిసిపోయి, బోటు ఇంజన్ అని. పైది రాయించినప్పుడు కిందిది చెరిపించలేదు. ఇంజన్లు తెచ్చేవాళ్ళు ఇప్పటికీ తెస్తూనే ఉన్నారు.

ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కన్నారావు ఇక్కడే పుట్టాడు. పదో తరగతి తప్పాక బోటు ఇంజన్ల పనిలో పడ్డాడు. కంప్యూటర్ల సంగతి మాత్రం అనుకోకుండా జరిగింది. ఓడల ఆఫీసు ఒకటి తుప్పు పట్టిన పాత కంప్యూటర్ను చెత్తలో పడేస్తే, చేపల గంపలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. బోర్డు ఊడదీసి, స్పిరిట్‌లో ముంచిన పళ్ళ బ్రష్‌తో గీకి, మూడు రోజులు ఆరబెట్టాడు. నాలుగో రోజు అది వెలిగింది. దాన్ని ఎలా వాడాలో అప్పటికి ఆయనకు తెలియదు. నడుస్తోందని మాత్రం తెలుసు.

నాకు ఆయనతో పరిచయం పని మీదే. నేను ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాను. ఆయన కట్టిన మిషన్లకు ఎర్తింగు బాగుందో లేదో చూడటానికి నన్ను పిలుస్తాడు.

హాడోలో కన్నారావు పేరు నిలబడింది గ్రీజు మీద. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. కొత్త స్క్రూ ఏడాదిలో ఎర్రబడుతుంది. బోటు మెకానిక్కులు బ్యాటరీ టెర్మినల్ దగ్గర్నుంచి స్విచ్చుల దాకా ఇనుము, ఇత్తడి కలిసే ప్రతిచోటా తెల్ల గ్రీజు పల్చగా పూస్తారు. కన్నారావు అదే అలవాటు కంప్యూటర్లకూ తెచ్చాడు. పాత లుంగీ గుడ్డను వేలికి చుట్టి, గ్రీజు అద్ది, ప్రతి అతుకు మీదా ఒక్కసారి రాస్తాడు. ఆయన చేతి మిషన్లకు తుప్పు పట్టదని అందరూ చెప్పుకుంటారు. నిజమే, పట్టదు.

పోయిన వర్షాకాలం మొదట్లో ఆ దుకాణానికి గౌతమి వచ్చింది. ఇక్కడే పుట్టిన అమ్మాయి, ముప్పై లోపు ఉంటుంది. విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో ఇల్లు, పోర్టులో క్రేను నడిపే ఉమేష్ ఆమె భర్త. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. వాళ్ళు రాసిన ప్రోగ్రాములను రకరకాల కంప్యూటర్ల మీద నడిపి తప్పులు పట్టుకోవడం ఆమె పని. ఆ కంప్యూటర్లన్నీ కంపెనీ దగ్గర ఉంటాయి, ఈమె ఇంటర్నెట్ మీద వాటిలోకి వెళ్ళాలి. నెట్ పోతే పని ఆగిపోతుంది. నెలలో మూడుసార్లు ఆగింది.

"వచ్చే సోమవారం కాక పై సోమవారం నుంచి కంపెనీవాళ్ళు రెండు వారాలు చూస్తారట బాబాయ్," అంది నిలబడే. "ఆ రెండు వారాల్లో ఒక్క రోజు పని ఆగినా, విశాఖ వచ్చి ఆఫీసులో కూర్చో, లేదంటే మానెయ్ అన్నారు. ఉమేష్ పని ఇక్కడ, పాప బడి ఇక్కడ. నేనెక్కడికి వెళ్తాను? ఈ ఉద్యోగం కోసం నాలుగేళ్ళు తిరిగాను. ఆ కంప్యూటర్లన్నీ నా ఇంట్లోనే ఉంటే నెట్‌తో పని లేదు. వర్చువల్ మెషిన్లని ఉంటాయి. ఒకే కంప్యూటర్ లోపల ఏడు కంప్యూటర్లు. ఏడూ ఒకేసారి నడవాలి."

ఐసు ఫ్యాక్టరీ ఓనరు దానయ్య అప్పుడు అక్కడే గడప మీద నిలబడి ఉన్నాడు. కన్నారావు చిన్ననాటి స్నేహితుడు, పనేమీ లేకపోయినా రోజూ వస్తాడు.

"ఒరే కన్నా, ఒకదాంట్లో ఏడా? మా ఇంటిదాని లోపల ఏడుగురున్నారు, దానికి కరెంటు కూడా అక్కర్లేదు," అన్నాడు.

"ఆ మాట అత్తకి ఫోన్ చేసి చెప్పమంటారా మావయ్యా?" అంది గౌతమి.

"అరే, మజాక్ చేసినాను తల్లీ!"

కన్నారావు నవ్వలేదు. వేలితో బల్ల మీద ఒక పడవ గీశాడు. దాని కడుపులో అడ్డంగా ఆరు గీతలు గీశాడు.

"బోటు ఒకటే. లోపల ఐసు ఖానాలు ఏడు. ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లోకి ఎల్లకూడదు. అంతేనా?"

"అంతే బాబాయ్. సహీ పకడే, సరిగ్గా పట్టారు."

"ఐతే బోటు పెద్దదుండాల."

సామాన్లు చెన్నై నుంచి విమానంలో వచ్చాయి. పదహారు కోర్ల ప్రాసెసరు, దాని మీద ఇటుకంత కూలరు, ముప్పై రెండు జీబీల ర్యామ్ ముక్కలు నాలుగు. ఒక్కో ఖానాకు తన ర్యామ్ తనకు ఉండాలి, ఒకరిది ఒకరు తినకూడదు. అందుకే అంత. కన్నారావు ఇంతవరకు ఎనిమిది, పదహారు జీబీల మిషన్లే కట్టాడు. పెట్టెలు వచ్చిన రోజున విప్పలేదు. ప్రయాణంలో పట్టిన చెమ్మ పోవాలని ఒక రోజంతా ఫ్యాను కింద ఉంచాడు. మర్నాడు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, ఒక్కొక్కటీ దాని మీద పేర్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

ఆయన పని చేస్తుంటే చూడటం బాగుంటుంది. స్క్రూ డ్రైవరు ఎప్పుడూ తడుముకోడు. ఒక్కో స్క్రూ సగం తిప్పి వదిలి, ఎదురు మూలది సగం తిప్పి, మళ్ళీ మొదటిదానికి వస్తాడు. ఇంజన్ తల బిగించే పద్ధతి అది. వైర్లన్నీ బోర్డు వెనక నుంచి తిప్పి నూలుతాడుతో కట్టాడు. చివరికి లుంగీ గుడ్డ తీసి, ఎప్పటిలాగే అతుకులన్నిటికీ గ్రీజు రాశాడు. ర్యామ్ ముక్కల బంగారు రంగు పళ్ళకు కూడా.

మూత వేసి ఒక రోజంతా నడిపి చూడటం ఆయన నియమం. నడిపాడు. వేడెక్కలేదు. మిషన్ల లోపల మిషన్లు నడవాలంటే బోర్డు సెట్టింగుల్లో ఒక తాళం తీయాలని హిందీ వీడియోలో చూసి, అదీ తీశాడు. బుధవారం పొద్దున లంబాలైన్ తీసుకెళ్ళాం. నేను యూపీఎస్ లైను లాగి, ఎర్తింగు కొత్తగా వేశాను. విమానం ఒకటి ఇంటి మీదుగా దిగింది. కిటికీలు అదిరాయి. అది వెళ్ళిపోయాక కూడా మిషన్ చప్పుడు వినపడలేదు. అంత మెత్తగా తిరుగుతోంది.

గురువారం మధ్యాహ్నం గౌతమి దుకాణానికి ఫోన్ చేసింది.

"బాబాయ్, నాలుగు నడుస్తున్నాయి. ఐదోది పెట్టగానే ఏదో ఒకటి పడిపోతోంది. ఒకసారి రెండోది, ఇంకోసారి మొదటిది. సాఫ్ట్‌వేర్ అంతా మళ్ళీ వేశాను. సోమవారం వచ్చేస్తోంది."

కన్నారావు ఆటో కట్టించి మిషన్ తెచ్చేశాడు. చెన్నైలో సామాను అమ్మినతనికి ఫోన్ చేస్తే, ర్యామ్ చెడిపోయి ఉంటుంది, వెనక్కి పంపండి, పదిహేను రోజుల్లో మారుస్తాం అన్నాడు. అతను మర్యాదగానే చెప్పాడు. పదిహేను రోజులంటే గౌతమి గడువు దాటిపోతుంది.

"అమ్మినోడు మంచోడు. సామానే ఖరాబ్ అని సెప్పీ ఆ అమ్మాయికి," అన్నాడు దానయ్య. "నీ మీదకి రాదు కదా."

"తెలీకుండా ఏటి సెప్తాను?" అన్నాడు కన్నారావు. దానయ్య ఇంకేదో అనబోతే గ్రైండరు వేశాడు. కోయడానికేమీ లేదు, మాట ఆపడానికే వేశాడు.

నాలుగు ముక్కల మీదా తెల్ల రంగుతో చుక్కలు పెట్టాడు, ఒకటి నుంచి నాలుగు దాకా. ఒక్కోదాన్ని విడిగా, ఒకే స్లాటులో, అంటే ముక్క దిగే ఒకే గాడిలో పెట్టి, ర్యామ్ పరీక్షించే ప్రోగ్రాము నడిపాడు. ఒక్కోదానికి గంటన్నర. ఒకటి బాగుంది. రెండోదాంట్లో తప్పులు వచ్చాయి. మూడు బాగుంది. నాలుగులో మళ్ళీ తప్పులు. వేరే మెకానిక్ అయితే అక్కడితో ఆగేవాడు. రెండూ, నాలుగూ చెడ్డవి, పంపేద్దాం అనేవాడు.

శుక్రవారం పొద్దున కన్నారావు రెండోదాన్ని తీసుకుని, అదే స్లాటులో మళ్ళీ పెట్టి నడిపాడు. ఈసారి ఒక్క తప్పూ రాలేదు. దాన్ని ఊడదీసి, బాగున్న మూడోదాన్ని మళ్ళీ పెట్టాడు. తప్పులే తప్పులు. ఆయన గోడ మీద సుద్దతో రాసుకున్న ఫలితాలన్నీ వరసగా చూసుకున్నాడు.

"సామాను సెడితే ఎప్పుడూ సెడే ఉండాల," అన్నాడు నాతో. "స్లాటు సెడితే అన్నీ సెడాల. ఇది పెట్టినప్పుడల్లా మారుతోంది. అంటే పెట్టడంలోనే ఉంది."

గడియారాల వాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం తీసి, మూడోదాన్ని దీపం కింద పట్టాడు. తర్వాత అద్దం నాకిచ్చాడు. బంగారు పళ్ళ మీద గ్రీజు పొర, దానిలో ఇరుక్కుని ఒక సన్నని నీలం పోగు. ఆయన లుంగీ గుడ్డ పోగు.

ఆయన అద్దం వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టాడు. గౌతమికి ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆమె స్కూటీ మీద, తడిసిన రెయిన్‌కోటుతోనే వచ్చింది. అప్పటికి దానయ్య కూడా చేరాడు.

"సామాను మంచిదే తల్లీ. తప్పు నాది. నా గ్రీజుది," అన్నాడు కన్నారావు.

గౌతమికి అర్థం కాలేదు. "మీ గ్రీజు పేరు విని కదా బాబాయ్ అందరూ వస్తారు? నేనూ అలాగే వచ్చాను."

"ఇంజన్ మీద మంచిదే. అక్కడ బోల్టు బిగిస్తాం. ఇనుమూ ఇనుమూ నొక్కుకుని గ్రీజు పక్కకి పోద్ది. ఇక్కడ బిగించడం నేదు. సన్న స్ప్రింగు, ఆనీ ఆననట్టుగా ఆనుకుంటాది. మధ్యన గ్రీజూ, గుడ్డ పోగూ ఉంటే ఒకపాలి ఆనుద్ది, ఒకపాలి ఆనదు."

"మరి ఇన్నేళ్ళూ?" అన్నాడు దానయ్య.

"ఇన్నేళ్ళూ చిన్న మిషన్లు. సగం ర్యామ్ కాళీగానే ఉండీది. నిండని ఖానాకి చిల్లున్నా ఎవులికి తెలుస్తాది?"

 గౌతమి రెయిన్‌కోటు చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఆమె అడిగింది ఒక్కటే. "సోమవారానికి అవుతుందా?"

"అవుద్ది."

ఆ సాయంత్రమంతా కన్నారావు గ్రీజు తీశాడు. ముక్కల పళ్ళను ముందు పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది, తర్వాత స్పిరిట్‌తో తుడిచాడు. స్లాట్ల లోపలికి గుడ్డ పోనివ్వలేదు. పోగులు రాలని మెత్తని కాగితాన్ని పల్చని అట్టముక్కకు చుట్టి, స్పిరిట్‌లో తడిపి, ఒక్కో స్లాటులో పైనుంచి కిందికి లాగాడు. కాగితం మీద మరక రాకుండా పోయేదాకా మారుస్తూనే ఉన్నాడు. నాలుగు స్లాట్లకు ముప్పైకి పైగా ముక్కలు పట్టాయి.

శనివారం పొద్దున గౌతమి దుకాణానికే వచ్చింది. కన్నారావు లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఇన్నేళ్ళలో అందులో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు. ఆమె కూర్చుని ఒక్కొక్క మిషనూ తెరిచింది. ఐదోది లేచింది. ఆరోది. ఏడోది లేచాక ఏడింటికీ చేతినిండా పని పెట్టింది. ర్యామ్ దాదాపు నిండిపోయినట్టు తెర మీద గీత చూపించింది. మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళి వంట చేసి, మళ్ళీ వచ్చింది. నడుస్తూనే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా అలాగే ఉంచారు. ఒక్కటీ పడలేదు. అప్పుడు తీసుకెళ్ళి లంబాలైన్‌లో పెట్టాం.

ఆ సోమవారం నుంచి కన్నారావు దుకాణం ఉదయం పూట మూసి ఉండేది. తాను మిషన్లు కట్టిచ్చినవాళ్ళ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, స్పిరిట్ సీసా, రబ్బరు, కాగితం ముక్కలు సంచిలో వేసుకుని ఇళ్ళకూ ఆఫీసులకూ తిరిగేవాడు. తలుపు తీసినవాళ్ళకు చెప్పేది ఒక్కటే మాట: "నేను గ్రీజు రాసినాను. అక్కడ రాయకూడదు. తీసీడానికొచ్చినాను." కొందరు నవ్వారు. ఒకాయన, తనకు అక్కర్లేదు, గ్రీజు ఉంచెయ్యమన్నాడు. కన్నారావు గడప దగ్గర నిలబడే ఉన్నాడు, చివరికి ఆయనే తెరవనిచ్చాడు.

రెండో వారం బుధవారం ఐసు ఫ్యాక్టరీ వంతు వచ్చింది. ఆ రోజు కరెంటు మీటరు చూడమని పిలిస్తే నేనూ వెళ్ళాను. పొద్దుట్నుంచి ఊరంతా నెట్ లేదు. ఫోన్లు మాత్రం మోగుతున్నాయి. ఆర్డర్లు రావడం లేదని దానయ్య చిరాకుగా ఉన్నాడు.

"నా మిషన్ బాగానే ఉంది కదరా కన్నా. ఎందుకు ఇప్పీడం?"

"బాగుందనే వచ్చినాను. పాడైపోయాక నువ్వే తెస్తావు కదా."

"ఊరంతా తిరిగి నా తప్పు నా తప్పు అని సెప్పుకుంటున్నావు. రేపు కొత్త మిషన్ కట్టమని ఎవుడొస్తాడు నీ దగ్గరికి?"

కన్నారావు ర్యామ్ ముక్క ఊడదీశాడు. రబ్బరు తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు. నెట్ లేదన్న మాట అప్పటినుంచీ ఆయన చెవిలో ఉన్నట్టుంది. ఫోన్ తీసి గౌతమికి చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తాక ఆమె గొంతు మా ఇద్దరికీ వినపడింది.

"ఏంటి బాబాయ్?"

"నెట్ నేదంట కదమ్మా. ఎలాగుంది?"

"ఏడూ నడుస్తున్నాయి. ఆరోదాంట్లో ఒక తప్పు దొరికింది, దాని వెంట పడి ఉన్నాను. మళ్ళీ చేస్తాను, ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. కన్నారావు దాన్ని జేబులో వేసుకుని, రబ్బరు తీసుకుని, దానయ్య మిషన్ బంగారు పళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆ దీపం ఇటు పట్టు," అన్నాడు దానయ్యతో.

దానయ్య పట్టాడు.