రాజుగారి వీపున లారీ రింగులు

పిన్నిగారు పోయారని మంగళవారం పొద్దున్నే వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్ళిపోయారండీ. ముందురోజు కూడా నా జాకెట్టు అంచు తిరగేసి, ఇదేం కుట్టమ్మా అన్నారు" అంది ఏడుస్తూనే. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. తొంభై దాటినా సరే, ఎదుటివాళ్ళ బట్ట తిరగేసి చూడనిదే ఆవిడకు తోచేది కాదు.

పిన్నిగారని పిలవడమేగానీ ఆవిడ మాకు చుట్టం కాదు. డెబ్బైల్లో నేను పెళ్ళయి బెజవాడ పటమట వచ్చినప్పుడు మా పక్క వాటాలో ఉండేవారు. వరండాలో కుట్టు మిషను పెట్టుకుని ఊరందరికీ బట్టలు కుట్టేవారు. పొద్దున్నే గోడ మీంచి, "అమ్మాయ్, కాఫీ తాగావా? తాగితే వచ్చి సూదిలో దారం ఎక్కించు" అని కేకేసేవారు. సూదిని పమిట అంచుకు గుచ్చుకుని, దానికోసం ఇల్లంతా వెతికించేవారు. పెళ్ళికి వెళితే పెళ్ళికూతురి ముఖం కంటే ముందు ఆ పిల్ల జాకెట్టు వెనక వైపు చూసేవారు. నేను కుట్టు నేర్చుకున్నది ఆ వరండాలోనే. నేర్చుకున్నాను అనడం కంటే, పాడుచేసి బాగుచేయడం నేర్చుకున్నాను అంటే నిజం.

ఒక వేసవిలో ఉయ్యూరు వైపు నుంచి ఒక రైతు వచ్చారు. నాటకాల్లో రాజు వేషం కడతారాయన. మెరూన్ రంగు ముఖమల్ కోటు కావాలన్నారు. ఆయన పొట్ట ఊడ్పులప్పుడు ఒక కొలత, కోతలయ్యాక ఒక కొలత. అందుకని వీపున రెండు వరసల్లో పదహారు రింగులు వేసి, వాటిలోంచి తాడు పోనిచ్చి బిగించేట్టు కుడదామన్నారు పిన్నిగారు. నాటకం రేపనగా కోటు తయారైంది, రింగులొక్కటే మిగిలాయి. "జరీ లేసు తక్కువైంది, గవర్నర్‌పేట వెళ్ళొస్తాను. రింగులు మాత్రం నేనొచ్చాకే" అని రిక్షా ఎక్కారు.

నేను ఆగలేదు. రంధ్రం చేసి రింగు పెట్టి సుత్తితో ఒక దెబ్బ వెయ్యడం ఏమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను. ప్రతి రింగునూ ముఖమల్ మీద పెట్టి చుట్టూ గీత గీసి, సరిగ్గా ఆ గీత మీదే కత్తెరతో కోశాను. పదహారూ కొట్టేసి మురిసిపోయాను. తాడు పోనిచ్చి లాగేసరికి ఐదు ఊడి చేతిలోకొచ్చాయి. రంధ్రం రింగంత అయిపోయి, రింగు పట్టుకోవడానికి గుడ్డే మిగల్లేదు. మిగతావాటి అంచులు చీలి ముఖమల్‌ని కొరుకుతున్నాయి. అంగట్లో ఆ రంగు గుడ్డ అయిపోయింది. మర్నాడు సాయంత్రం ఆయన స్టేజీ ఎక్కాలి.

పిన్నిగారు తిరిగొచ్చేసరికి నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని, పట్టుకారుతో ఒక రింగును పీకుతున్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ముందునుంచి లాగకమ్మా, గుడ్డ ఊడొస్తుంది. ఏ రింగయినా వెనకే ముడుచుకుంటుంది. దాన్ని అక్కడే బతిమాలుకోవాలి" అన్నారు. కోటు ఒళ్ళో బోర్లా వేసుకుని, మిషను స్క్రూడ్రైవరు కొసతో రింగు ముడతను చుట్టూ కొంచెం కొంచెంగా పైకి లేపారు. రింగు దానంతటదే జారి వచ్చింది. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు.

"మిగతావి నువ్వే తియ్యాలి."

"నేను ముట్టుకోనండీ పిన్నిగారూ, ఇంకా పాడవుతుంది."

"పాడుచేసిన చెయ్యి గనకే ఈసారి భయంగా పనిచేస్తుంది. కూర్చో."

నేను తీస్తుంటే ఆవిడ మళ్ళీ బయటికెళ్ళి, ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు కుట్టే మనిషి దగ్గర పదహారు ఇత్తడి రింగులు పట్టుకొచ్చారు. వాళ్ళకవి అన్నిటికంటే చిన్నవట, మాకు పెద్దవి. "ఊడినవి ఐదే కదండీ" అన్నాను.

"ఒకటి మారిస్తే అతుకంటారు. అన్నీ మారిస్తే ఫ్యాషనంటారు" అన్నారు.

రంధ్రాల వెనక మందపాటి కాన్వాసు పట్టీ పెట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టించారు. కత్తెర దాచేసి, ఆ కాన్వాసుకు చిన్న రంధ్రాలు పొడవమని చెప్పులు కుట్టే ఆరె ఇచ్చారు. "పోగుల్ని కొయ్యకు. పక్కకు జరగమను, చాలు" అన్నారు. నలిగిన ముఖమల్‌ని కాఫీ నీళ్ళ ఆవిరి మీద పట్టి నూగు లేపారు. దీపాలు పెట్టే వేళకు పదహారో రింగు పడింది.

మర్నాడు పొద్దున ఆసామి వచ్చారు. పిన్నిగారు తాడు బిగించి, "ఏదీ, పద్యం ఎత్తుకోండి" అన్నారు.

"ఇక్కడాండీ?"

"స్టేజీ మీద ఊడే కంటే ఇక్కడ ఊడితే నయం కదండీ."

ఆయన ఊపిరి పీల్చారు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన రాగం తీస్తుంటే పొట్ట పెరుగుతోంది, తాడు బిగుసుకుంటోంది. వీధిలో రిక్షాలు ఆగిపోయాయి. రాగం అయిపోయింది. ఒక్క రింగూ కదల్లేదు.

"ఈ పెద్ద రింగులు భలే ఉన్నాయండీ! ఎక్కడివి?" అన్నారాయన అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటూ.

"లారీ టార్పాలిన్‌కి వేసేవండి. చిన్నవి మా అమ్మాయి పాడుచేసింది. ఇవీ మా అమ్మాయే వేసింది" అన్నారు పిన్నిగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన పడీ పడీ నవ్వారు. రింగులు ఆ నవ్వుకు కూడా ఆగాయి. పై ఏడాది ఆయన ఇంకో కోటు గుడ్డ తెచ్చి, "ఆ లారీ రింగుల అమ్మాయి ఉందా అండీ?" అని నా కోసమే అడిగారు. ఆ రోజు పిన్నిగారు నా తప్పు కప్పిపుచ్చి, రింగులు తనే వేసేసి ఉంటే నేను దణ్ణం పెట్టి, జన్మలో మళ్ళీ కుట్టు జోలికి పోయేదాన్ని కాదు. తర్వాత నేను పెట్టుకున్న కుట్టు కొట్టు, నా బతుకు ఆవిడ పెట్టిన భిక్షే.

పెద్దకర్మ నాడు వాళ్ళింటి ముందు షామియానా వేశారు. ఒక మూల రింగు సగం ఊడి, గుడ్డ కిందికి జారింది. ఆ సందులోంచి ఎండ సరిగ్గా ఆవిడ ఫోటో మీద పడుతోంది. టెంటు మనిషి ఆ రింగును ముందునుంచి లాగుతున్నాడు.

"లాగకు బాబూ" అన్నాను. గుడ్డ తిరగేసి చూస్తే, ఎవరో నాలాంటివాళ్ళే, కత్తెరతో రింగంత రంధ్రం కోసేశారు. సంచిలోంచి దబ్బనం, దారం తీసి, రింగు వదిలించి, రంధ్రం చుట్టూ కుట్టి తాడు కట్టించాను. ఫోటో మీద ఎండ తప్పుకుంది.

"వడ్డిస్తున్నారమ్మా, రండి" అన్నాడతను.

అంచు వెంబడి చూశాను. అన్నీ అలాగే కోసి ఉన్నాయి.

"నువ్వెళ్ళు బాబూ. ఇంకా పదకొండున్నాయి" అని కుర్చీ పక్క రింగు కిందికి జరుపుకున్నాను.