సాక్ష్యానికి ముందు అద్దుకున్న రంగు

మా సంఘంలో బుధవారం సాయంత్రం స్త్రీల కూడిక జరిగేది. పాటలయ్యాక పాస్టరమ్మగారు ఒక్కొక్కరి ప్రార్థన అంశం అడిగేవారు. ఒకరిది మోకాలి నొప్పి, ఒకరిది కూతురి కాన్పు. నా వంతు వచ్చేసరికి నేను నోరు తెరవకముందే ఎవరో ఒకరు అందుకునేవారు.

"టీచరమ్మ కళ్ళ కింద నలుపు."

ఆ నలుపు జబ్బు వల్ల వచ్చింది కాదు. మా నాన్నకు ఉంది, నాన్నమ్మకు ఉండేది. రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచినా ఏడ్చి లేచినట్టే కనిపిస్తాను. మొదట్లో ఆ మాట చెప్పి చూశాను. "అలాగనకమ్మా, ఆయన తలిస్తే ఎంతసేపు" అన్నారు. ఇక మానేశాను. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. దేవుడు పైరూపం చూడడని చెప్పేదాన్ని. అలాంటిదాన్ని చాప మీద కూర్చుంటే, నా చుట్టూ అందరూ చేతులెత్తి నా మొహం బాగుచేయమని అడిగేవారు. ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కునేదాన్ని.

అందరికన్నా గట్టిగా అడిగేది నా పక్కన కూర్చునే మామ్మ. తీరం నుంచి గంపలో చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. సంఘంలోకి కొత్తగా వచ్చింది. ఆవిడ ప్రార్థన గుమ్మం ముందు బేరమాడినట్టే ఉండేది.

"ప్రెబువా, ఈ పిల్ల మొకం ఓపాలి సూడు. నువ్వే సేసేవు కదా. నువ్వే బాగుసెయ్యి."

ఆవిడ సొంత అంశం ఒకటే. కొడుకు తాగుడు మానాలి. అది మాత్రం ఎప్పుడూ చిన్న గొంతుతో చెప్పేది.

స్మార్ట్ ఫోన్లు చేతికొచ్చిన కొత్తరోజులు. మచ్చల్ని కప్పే క్రీముని కన్సీలర్ అంటారని నేను ఫోనులోనే మొదటిసారి విన్నాను. నలుపు కనబడకపోతే నా కళ్ళు ఆ అంశాల్లోంచి పోతాయి, అంతే కదా అనుకున్నాను. అందంగా కనబడాలని కూడా ఉంది. పౌడరు రాసుకుంటేనే చూపులు మారిపోయే సంఘం మాది. ఆ కోరిక నాకు నేను ఒప్పుకోవడానికే సిగ్గేసింది.

విజయనగరంలో ఒక ఫ్యాన్సీ షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గరి అమ్మాయి నా చేతి మీద మూడు రంగులు గీసి చూపించింది. ట్యూబులైటు కింద తెల్లటిదే బాగున్నట్టు అనిపించింది. నిజానికి తెల్లబడాలన్న ఆశే దాన్ని ఎంచుకుంది. మర్నాడు అది పూసుకుని నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తే మూడో తరగతి పిల్ల ఒకతి తల పక్కకి వాల్చి చూసింది.

"టీచర్, మీరు కళ్ళకాడ విబూది ఎట్టుకున్నారేటి?"

క్లాసంతా నవ్వింది. కుళాయి దగ్గరకెళ్ళి కడుక్కొచ్చాను.

అంతటితో వదిలేయాల్సింది. వదల్లేదు. ఆ శనివారం శృంగవరపుకోట బస్సెక్కాను. అక్కడ మా పెదనాన్న కోడలు ఇంటి ముందుగదిలో బ్యూటీపార్లర్ నడిపేది. వదిన నా ట్యూబు మూత తీసి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇది నీకు ఎవుర్తే ఇచ్చినాది? గోడకి సున్నం ఏసినట్టుంటాది. నలుపు మీద తెలుపు ఏస్తే బూడిదే వస్తాది."

"మరేం చెయ్యాలి?"

"ముందు నారింజ రంగుది. అది నలుపుని సంపుతాది. దాని మీద నీ ఒంటి రంగుది. దుకానంలో సూసుకోకు, ఈదిలోకొచ్చి ఎండలో సూసుకో."

నన్ను వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టి తడిగుడ్డతో కళ్ళ కింద తుడిచింది. రవ్వంత క్రీము రాసి ఆరనిచ్చింది. నారింజ రంగుది చుక్కలుగా పెట్టి ఉంగరపు వేలితో మెల్లగా అద్దింది. నేను చెయ్యి పెడితే టప్పున కొట్టింది.

"రుద్దకే. అద్దు. ఆ యేలికే బలం తక్కువ, అందుకే దాంతో."

మీద నా రంగుది, అది కూడా నలుపున్న మేరకే. ముక్కు పక్కన కంటి మూలలో మెరుపుది ఒక్క చుక్క. చివర్న పౌడరు ఒత్తింది.

"కొద్దికొద్దిగా ఎయ్యి. ఎక్కువేస్తే ముడతల్లో ఇరుక్కుంటాది. తడి తగలనీకు. మరి మీ పాస్టరుగారు సూస్తే ఏటంటారే?"

"కనబడదు కదా" అన్నాను.

అద్దంలో ఎన్నడూ చూడని మొహం ఉంది. నిద్రపోయి లేచిన మొహం.

మర్నాడు ఆదివారం వదిన చెప్పినట్టే అద్దుకుని ఆరాధనకి వెళ్ళాను. చాప మీద కూర్చున్నానో లేదో మామ్మ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకేసి తిప్పింది. నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

దేవుడు చేసిన మేలు లేచి అందరికీ చెప్పే సాక్ష్యాల సమయం వచ్చింది. మామ్మ ఎప్పుడూ లేచేది కాదు. ఆ రోజు అందరికంటే ముందు లేచి మైకు అందుకుంది.

"ఈ పిల్ల కళ్ళు సూడండి. దేవుడు ఇన్నాడు. నాలాటిదాని మాట కూడా ఇన్నాడు."

స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. పాస్టరమ్మగారు నవ్వుతూ నన్ను చేత్తో పిలిచారు. మైకు నా చేతికొచ్చింది. నిజం చెబితే మామ్మ అక్కడే, అందరి ముందే కూలిపోతుంది. చెప్పకపోతే దేవుడి సన్నిధిలో నా మొహమే అబద్ధం. ఏడుపొచ్చింది. అది కృతజ్ఞత అనుకుని స్త్రీలంతా పాట ఎత్తుకున్నారు. చెంగుతో కళ్ళు ఒత్తుకుని కూర్చున్నాను. మామ్మ నా చెంగుకి అంటిన రంగు వైపు, తర్వాత నా మొహం వైపు చూసింది. పాట ఆపేసింది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నా మోచెయ్యి పట్టుకుని గోడవారకి తీసుకెళ్ళింది.

"ఏటది?"

"రంగు మామ్మా. నలుపు తగ్గలేదు. పైన పూశాను."

ఆవిడ నా చెంగు అందుకుని, కొస నాలుకతో తడి చేసుకుని, మిగిలిన రంగు తుడిచింది. మరకని ఎండలో పట్టి చూసింది.

"శుక్రవారాలు నీ కోసం ఉపాసం ఉన్నాను. కడుపు కాలతన్నా గంప ఎత్తుకుని తిరిగేను. ఈయేళ నీ మొకం సూసి, ఇంక నా కొడుకు మాట కూడా ఇంటాడు అనుకున్నాను."

తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"వచ్చే ఆదివారం అందరికీ చెప్తాను మామ్మా."

"సెప్పు. నా పేరెత్తకు, నవ్వుతారు." చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. "ఈ శుక్రవారం అన్నం తిందామనుకున్నాను. పోనీలే. మళ్ళా ఉంటాను."

"వద్దు మామ్మా. ఇది తగ్గేది కాదు. మా నాన్నకీ ఇలాగే ఉంది."

"అయితే మీ నాన్నకీ కలిపి ఉంటాను" అంది.

చెప్పినట్టే మరుసటి ఆదివారం ఉత్త మొహంతో మైకు ముందు నిలబడి, రంగు పూసుకున్నానని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరమ్మగారు నేల చూశారు. నేను మాట్లాడినంతసేపూ మామ్మ తన చేతులే చూసుకుంది.

బుధవారం కూడికలో నా అంశం ఎవరూ అందుకోలేదు. నేనే చెప్పాను, మామ్మ కొడుకు గురించి అడగండి అని. తర్వాత మామ్మ వంతు వచ్చింది.

"టీచరమ్మ కళ్ళు" అంది, ఎప్పట్లాగే గట్టిగా. "ఆళ్ళ నాన్న కళ్ళు కూడా."

ఎవరూ నవ్వలేదు. నాకే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.